పక్షులకు రోగం లేదు

ఫిబ్రవరి ఇరవై నాలుగు, సోమవారం. ఉదయం ఐదూ నలభైకి జయకుమారి మేడ మీద పక్షుల్ని పెంచే జాలీ గూటి మీది గోనెపట్టా ఎత్తింది. పదకొండు పక్షులు అడుగున చచ్చి పడి ఉన్నాయి.

రెండుసార్లు లెక్కపెట్టింది. బతికినవి పై కొమ్మలు వదిలేసి కింది కొమ్మ మీదికి చేరాయి. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. రోజూ ఆ వేళకి అరవై నాలుగు పక్షుల గోల బ్రాడీపేట నాలుగో లైను చివరిదాకా వినిపిస్తుంది. ఆ పూట కింద వీధిలో పాలవాడు స్కూటర్ స్టాండు వేసిన చప్పుడు మేడ మీదికి వినిపించింది.

అడుగున పరిచిన పేపరు లాగి చూసింది. పక్షుల సంగతి పక్షుల్ని చూసి కాదు, పేపరు చూసి తెలుసుకోవాలి. మామూలుగా రెట్ట చిన్న చిన్న ఉండల్లా, మధ్యలో తెల్లగా ఉంటుంది. ఆ పేపరు నిండా ఆకుపచ్చ నీళ్ళ మరకలు ఉన్నాయి. చచ్చిన వాటి తోకల కింద కూడా అదే మరక.

మెట్ల గదిలోంచి ఆమె కూతురు మహిమ పళ్ళు తోముకుంటూ వచ్చింది. చూసి బ్రష్షు నోట్లోంచి తీసింది.

"కింద చెప్పావా?"

"ఇంకా లేవలేదు."

"ఆ కొత్తవేనా ముందు పోయింది?"

జయకుమారి వాటిని వేరు చేసి చూసింది. పదకొండులో ఆరు కొత్తవి.

ఇల్లు శ్రీకృష్ణది. ఆయనకి మిరప యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఇంట్లో ఆయన, భార్య లక్ష్మీదుర్గ, తల్లి సుబ్బరావమ్మ, కూతురు శ్రీరమ్య ఉంటారు. పక్షులు శ్రీరమ్యవి. అందరూ లవ్‌బర్డ్స్ అంటారు, ఆమె బడ్జీలు అంటుంది. డిగ్రీ చదువుతూ ఫోన్‌లో వాటి పేజీ నడుపుతోంది. వాటిని ఎలా పెంచాలో వీడియోలు పెడుతుంది, పిల్లల్ని అమ్ముతుంది. ఆ వీడియోల్లో కొర్రలు కడిగే చేతులు జయకుమారివి. ముఖం శ్రీరమ్యది.

రెండేళ్ళ కిందట జయకుమారి పెదనందిపాడు పక్క పల్లె నుంచి ఈ పనికి వచ్చింది. మేడ మీద మెట్ల గది ఇచ్చారు. గదికీ జాలీకీ మధ్య పది అడుగులు. మహిమ ఇంటర్ అయిపోయి, మిషను ఆస్పత్రి వాళ్ళ నర్సింగు స్కూలు ప్రవేశ పరీక్షకి చదువుతోంది. ఆ పరీక్ష ఏడాదికి ఒక్కసారే పెడతారు. సీటు వస్తే ఫీజు లేదు, హాస్టలు వాళ్ళదే. కోచింగ్ సెంటరు రెండో లైనులో, పరీక్ష పెట్టే స్కూలు ఆరో లైనులో. పరీక్ష మార్చి తొమ్మిది, ఆదివారం.

జయకుమారి చచ్చిన పక్షుల్ని చేటలో పేర్చి, పైన తడిగుడ్డ కప్పి, మెట్లు దిగింది.

*

పశువుల డాక్టరు ముస్తాక్ పదకొండింటికి వచ్చాడు. మాస్కు పెట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని జాలీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఏం పెడుతున్నారని అడిగాడు. శ్రీరమ్య జయకుమారి వైపు చూసింది.

జయకుమారి చెప్పింది. పొద్దున కొర్రలూ వరిగలూ కలిపి. గిన్నెలో పైన పొట్టు తేలి ఉంటుంది, చూసేవాళ్ళు గింజలున్నాయనుకుంటారు, పక్షులు మాత్రం ఆకలితో ఉంటాయి. అందుకని రోజుకి రెండుసార్లు పొట్టు ఊదేసి కొత్తవి పోస్తుంది. వారానికి రెండుసార్లు నానబెట్టిన గింజలు, మొలక తెల్లగా కనపడగానే పెట్టి, రెండు గంటల్లో మిగిలినవి తీసేస్తుంది, లేకపోతే పులుస్తాయి. గురువారం ఉడికించిన గుడ్డు, పెంకుతో సహా నలిపి. తోటకూర, కొత్తిమీర కింద వీధిలో కూరలమ్మే షమీమ్ బండి దగ్గర కొని, ఉప్పునీళ్ళలో అరగంట ఉంచి, ఆరబెట్టి కడుతుంది. సున్నం కోసం అవి గీరుకు తినే సముద్రపు నురుగు ముక్క జాలీకి కట్టి ఉంటుంది. నీళ్ళు రెండుపూటలా మారుస్తుంది, గిన్నెలు వేణ్ణీళ్ళతో కడుగుతుంది. వేరుశనగపప్పు, పొద్దుతిరుగుడు పెట్టదు, కొవ్వు పడుతుంది. వేపకొమ్మలు నెలకోసారి మారుస్తుంది.

ముస్తాక్ విని, శ్రీకృష్ణతో అన్నాడు: "తిండిలో తప్పేం లేదండీ. ఈవిడ నాకంటే బాగా చేస్తోంది." తర్వాత కొత్త పక్షులు ఎప్పుడొచ్చాయని అడిగాడు.

"నెలైంది," అంది శ్రీరమ్య.

వచ్చి పద్నాలుగు రోజులైంది. బయటి నుంచి వచ్చిన పక్షిని నెలరోజులు కింద వరండాలో వేరే పంజరంలో పెట్టి, ఈ జాలీ పని అంతా అయ్యాకే దాన్ని ముట్టుకోవాలన్నది జయకుమారి పట్టుదల. ఈసారి కొత్తవి ఎనిమిది. వాటి రంగు ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. మూడో రోజే వీడియో కోసం శ్రీరమ్య వాటిని జాలీలోకి వదిలింది. వద్దమ్మా అంటే, "జయా, పక్షులు నావా నీవా" అంది.

ముస్తాక్ జయకుమారి వైపు చూశాడు. ఆమె చేటలో గుడ్డ సర్దింది. నెల కాదని ఆమె చెప్పలేదు.

"పొడి మీద ఊడవకమ్మా. తడిపి తియ్యి," అన్నాడాయన. మిగిలింది సారుతో మాట్లాడతానని, రెండు పక్షుల్ని మంచుపెట్టెలో పెట్టుకుని కిందికి దిగాడు. మేడ పిట్టగోడ మీద నుంచి చూస్తే, ఆయనా శ్రీకృష్ణా కారు దగ్గర నిలబడి పావుగంట మాట్లాడుకున్నారు. మాటలు పైకి వినపడలేదు.

సాయంత్రానికి ఇంకో నాలుగు పోయాయి.

*

బుధవారం మధ్యాహ్నం మూడింటికి శ్రీకృష్ణ మేడ మీదికి వచ్చాడు. ఆయన పైకి రావడం అరుదు. సుబ్బరావమ్మ ఏడాది కారం కోసం మేడంతా మిరపకాయలు ఎండబోయించింది. ఆయన వాటి అంచున నడిచి, రెండుసార్లు తుమ్మి, నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడ్డాడు.

"మహిమ పరీక్ష ఎప్పుడు జయా?"

"తొమ్మిదో తారీఖు ఆదివారమండీ."

బాగా చదువుతోందా అని అడిగాడు. చదువుతోందని చెప్పింది. అప్పుడు డాక్టరు ఫోను చేసిన సంగతి చెప్పాడు. ల్యాబు నుంచి వచ్చిందట. రోగమేనట.

"ఏం రోగమండీ?"

"పక్షుల రోగం. పక్షులకే. పొడి ఇచ్చాడు, నానబెట్టిన గింజల్లో కలిపి నలభై అయిదు రోజులు పెట్టాలంట. ఆ నురుగు ముక్క తీసెయ్, అది ఉంటే మందు పని చేయదంట." జేబులోంచి డబ్బా తీసి పిట్టగోడ మీద పెట్టాడు.

జయకుమారి డబ్బా తీసుకుంది. ఆయన కదల్లేదు. ఈ నెలలో పందొమ్మిది ఇళ్ళకి పిల్లల్ని ఇచ్చామని చెప్పాడు. చచ్చిపోయిన సంగతి అప్పుడే పాకిపోయిందని, పొద్దుటి నుంచి రమ్యకి ఫోన్లు ఆగడం లేదని చెప్పాడు.

"విషమైతే మన జాలీతో ఆగిపోద్ది. రోగమంటే ఆ పందొమ్మిది ఇళ్ళకీ పోయినట్టే గదా. రేపు వాళ్ళంతా మన గుమ్మం ముందే ఉంటారు." ట్యాంకుకి ఆనుకుని, "నువ్వు ఆదివారం ఊరెళ్ళొచ్చావు గదా," అన్నాడు.

ఆమె ఆదివారం పొద్దున చర్చికి, చుట్టాలింట్లో ప్రార్థనకి ఊరు వెళ్ళింది. సాయంత్రం బస్సుకి వచ్చింది.

"వస్తా వస్తా మిరప చేలో తోటకూర కోసుకొచ్చి పెట్టావు. చేలో మందు కొట్టారు, నీకు తెలీదు. రమ్య ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పు. అంతే."

జయకుమారి డబ్బా మూత తిప్పుతూ ఉంది. "ఇరవై ఏళ్ళు చేలో చేశానండీ. మందు కొట్టిన చేలో కూర మేం కూడా తినం. నేను తెస్తానా?"

"అందుకే తెలీక తెచ్చానను."

"పాపం పక్షులకి..."

"పక్షులు చచ్చాయి, అది ఎటూ మారదు." కాలితో ఒక మిరపకాయని కుప్పలోకి నెట్టాడు. "ఒకటో తారీఖు నుంచి ఈ గది మా బావమరిది డ్రైవరుకి కావాలన్నాడు. ఆగమన్నాను. పరీక్ష దాకా మీరిద్దరూ ఇక్కడే ఉండండి. పరీక్ష దాకా నాది పూచీ."

ఆయన దిగి వెళ్ళాక మహిమ పుస్తకం మూసి గడప మీదికి వచ్చింది. అంతా వింది.

"చెప్పొద్దమ్మా."

"ఏడాది చదివావు. ఇంక పదకొండు రోజులే ఉంది."

"షమీమ్ పిన్ని వాళ్ళింట్లో ఉందాం."

"వాళ్ళది ఒక్క గది. ఆరుగురున్నారు. ఏ మూల కూచుని చదువుతావు?"

మహిమ తల్లి చేతిలోని డబ్బా వైపు చూసింది. "నువ్వు చెప్తే అందరూ నమ్ముతారు. మన మొహం చూసి నమ్ముతారు. అది నాకు నచ్చలేదు," అని లోపలికి వెళ్ళింది.

*

వీడియో మూడుసార్లు తీశారు. మొదటిసారి జయకుమారి మాట్లాడుతూ మాట్లాడుతూ సుబ్బరావమ్మ వైపు చూసింది. రెండోసారి వెనక ఒక పక్షి కొమ్మ మీద నుంచి పడిపోయింది. అది కనపడకుండా శ్రీరమ్య ఆమెని గోడ వైపు జరిపింది. కొంగు తల మీదికి తెచ్చుకోమంది. కొంచెం తల దించుకోమంది. ఏడుపొస్తే ఆపుకోవద్దని చెప్పింది. జయకుమారికి ఏడుపు రాలేదు.

"నా పేరు జయకుమారి. ఆదివారం ఊరెళ్ళి మిరప చేలో తోటకూర కోసుకొచ్చి పక్షులకి పెట్టాను. చేలో మందు కొట్టారని నాకు తెలీదు. తప్పు నాదే. పక్షులకి రోగం ఏం లేదు."

చివరి మాట మళ్ళీ చెప్పించారు. అది గట్టిగా ఉండాలట.

రాత్రికి ఆ వీడియోని పద్దెనిమిది వేల మంది చూశారు. గురువారం పొద్దున ఆమె కూరలకి దిగితే, వీధి చివర ఇస్త్రీ బండి అతను, "ఇదిగో విషమ్మ వచ్చింది, మీ పిల్లుల్ని లోపల పెట్టుకోండి," అన్నాడు. నలుగురు నవ్వారు. షమీమ్ నవ్వలేదు. తోటకూర కట్ట చేతిలో పట్టుకుని ఇవ్వకుండా నిలబడింది.

"రెండేళ్ళ నుంచి నా బండి మీద కూరే గదా జయమ్మా. ఆ ఒక్కరోజే చేదయిందా?"

"అట్టా కాదు షమీమ్."

"ఎట్టా మరి? నా కళ్ళ ముందే ఆదివారం బస్సు దిగావు. చేతిలో బైబిల్ సంచి తప్ప ఏం లేదు." కట్ట విసిరినట్టు సంచిలో వేసింది. "చెప్పకులే. నీ నోరు, నీ ఇష్టం."

పేజీలో కామెంట్లు మహిమ చదవలేదు. కోచింగ్ సెంటర్లో పక్క బెంచీ అమ్మాయి చదివి వినిపించింది. మహిమ ఇంటికి వచ్చి, అన్నం తినకుండా మోడల్ పేపరు రాసింది. రెండు వందలకి నూట అరవై ఏడు వచ్చాయి. పోయిన ఏడాది చివరి సీటు నూట నలభై ఎనిమిదికి వచ్చింది.

అదే రోజు సాయంత్రం శ్రీరమ్య పైకి వచ్చి, శనివారం కొనేవాళ్ళు చూడ్డానికి వస్తారని, జాలీకి కొత్త రంగు వెయ్యాలని చెప్పింది. పాత రెట్టంతా గీకాలి. జయకుమారి బకెట్లో నీళ్ళు తెచ్చింది.

"నీళ్ళు పొయ్యకు. తడి మీద రంగు ఆగదు, తుప్పు పడుతుంది. పొడిగానే గీకు."

"డాక్టరుగారు తడిపి తియ్యమన్నారమ్మా."

"రంగు వేసేది డాక్టరుగారా?"

రెండు వైపులా పన్నెండు అడుగుల జాలీ. చీకటి పడేలోగా కావాలి. మహిమ పుస్తకం పక్కన పెట్టి చున్నీ నడుముకి చుట్టుకుంది. ఇద్దరూ చెరో ఇనపరేకుతో గీకారు. బూడిదలాంటి దుమ్ము లేచింది. గాలి గది వైపు వీస్తోంది. పక్కనే మిరపకాయల దుమ్ము. ఇద్దరూ దగ్గుతూ గీకారు, మధ్యలో ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు కూడా. మహిమ జుట్టు నెరిసినట్టయింది. "ఎనభై ఏళ్ళకి నేనిట్టా ఉంటా చూడు," అంది.

ఏడింటికి అయిపోయింది.

*

మార్చి రెండు, ఆదివారం, మహిమకి దగ్గు మొదలైంది. పొడిదగ్గు. ఎవరూ పట్టించుకోలేదు. మార్చిలో గుంటూరులో దగ్గని ఇల్లు ఉండదు. మేడ మీద మిరపకాయలు ఎండుతున్నాయి, కింద వరండాలో నలుగురు ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. ఇంట్లో అందరూ తుమ్ముతూనే ఉన్నారు.

"ఘాటే," అంది సుబ్బరావమ్మ పైకి కాయలు తిరగెయ్యడానికి వచ్చి. "బెల్లం ముక్క నోట్లో పెట్టుకోమను."

జయకుమారి బెల్లం పెట్టింది. ఆమె కూడా దగ్గుతోంది. ఇరవై ఏళ్ళ మిరప కోతల్లో ఆమెకి దగ్గు కొత్త కాదు.

మంగళవారం జ్వరం వచ్చింది. మహిమ తల పట్టుకుని కూచుంది. వెలుగు చూడలేకపోతున్నానని కిటికీకి దుప్పటి కట్టించుకుంది. మూడో లైనులో ఆర్‌ఎంపీ బాపయ్య దగ్గరికి తీసుకెళితే, ఆయన నాలుక చూసి, పరీక్ష ఎప్పుడని అడిగి, పరీక్ష జ్వరమని నవ్వాడు. దగ్గు సంగతి చెబితే, మీరుండేది ఎక్కడని అడిగాడు. ఫలానా మేడ మీదంటే, "కాయలెండే మేడ మీద పడుకుని దగ్గొచ్చిందంటే నేనేం చెయ్యనమ్మా," అన్నాడు. ఒక ఇంజక్షను చేసి, టైఫాయిడుకి కూడా పనికొస్తాయని మాత్రలు ఇచ్చాడు.

ఆ మాత్రలతో మంగళ, బుధ, గురు గడిచాయి. పగలు కాస్త తగ్గేది. మహిమ గోడకి ఆనుకుని పుస్తకం ఒళ్ళో పెట్టుకునేది, ఒక పేజీ దగ్గరే ఉండేది. పక్కన పది అడుగుల దూరంలో జయకుమారి గింజలు నానబెట్టి, నీళ్ళు వడకట్టి, డబ్బాలోని పొడి చెంచాతో కొలిచి కలిపి పెట్టేది. పక్షులు తేరుకుంటున్నాయి. బుధవారం నుంచి చావులు లేవు. గురువారం పొద్దున అవి పై కొమ్మ ఎక్కాయి, గోల మొదలైంది. ఆ గోలకి మహిమ చెవుల్లో దూది పెట్టుకుంది.

శుక్రవారం తెల్లవారేసరికి మహిమ మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఎడమ పక్కన పొడుస్తోందంది. జయకుమారి కిందికి దిగి శ్రీకృష్ణకి చెప్పింది. ఆయన పేపరు మడిచి, ఎన్ని రోజుల నుంచని అడిగాడు. మంగళవారం నుంచని చెబితే, మడిచిన పేపరునే మళ్ళీ మడిచాడు.

"పెద్ద డాక్టరుకి చూపించు. జ్యోతిర్మయి గారని అయిదో లైనులో ఉంటారు," అన్నాడు. గేటు దాకా వచ్చాడు. గేటు దగ్గర గొంతు తగ్గించాడు. "అక్కడ పక్షుల గోల ఏం ఎత్తకు. మనం ఒక మాట అనుకున్నాం. పిల్ల పరీక్ష ఇంకా రెండు రోజులుంది."

*

షమీమ్ కూరల బండి వదిలేసి ఆటో పిలిచింది. డాక్టర్ జ్యోతిర్మయి ఎక్స్‌రే తీయించింది. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లగా మచ్చ ఉంది. మంచం మీద చేర్చి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టించి, కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగింది. ఎక్కడెక్కడ తిరిగింది, ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా, ఏ నీళ్ళు తాగుతారు.

"ఇంట్లో పక్షులు గానీ కోళ్ళు గానీ ఉన్నాయా?"

"ఉన్నాయండీ. లవ్‌బర్డ్స్."

డాక్టరు తల ఎత్తింది. "ఈ మధ్య ఏమైనా జబ్బు చేసి చచ్చాయా?"

జయకుమారి మంచం పట్టె పట్టుకుంది. నర్సు వెనక నుంచి ఆమె మొహంలోకి వంగి చూసింది.

"మేడమ్, ఆ వీడియో ఈవిడదే. పురుగుమందు కూర పెట్టి పక్షుల్ని చంపింది. మా ఇంట్లో అందరం చూశాం."

"విషమా?" అని డాక్టరు జయకుమారిని అడిగింది. "జబ్బు కాదు గదా?"

ఆదివారానికి రెండు రోజులుంది. డాక్టరు మంచిది, మంచి మందు పడుతుంది. శనివారానికి తగ్గితే ఆదివారం కూచోగలదు. ఇంటికి వెళ్ళి తల దువ్వుకుని, హాల్ టికెట్ తీసుకుని, అక్కడి నుంచి రెండు లైన్లు నడిస్తే చాలు.

"కాదండీ," అంది జయకుమారి. "కూరే."

డాక్టరు కాగితం మీద ఒక మాట కొట్టేసి వేరే మందు రాసింది.

ఆ మందు శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి శనివారం సాయంత్రం వరకు నాలుగుసార్లు ఎక్కించారు. జ్వరం నూట మూడు దగ్గర నిలబడింది. శనివారం మధ్యాహ్నం మహిమ తల్లిని పట్టుకుని, జీవశాస్త్రం మొదటి అధ్యాయం నుంచి అడగమంది. జయకుమారికి ఇంగ్లీషు చదవడం రాదు. పుస్తకం తెరిచి పట్టుకుంది. మహిమ తనే ప్రశ్న చెప్పుకుని, సగం జవాబు చెప్పి, మిగతా సగం మర్చిపోయి ఏడ్చింది.

ఆరున్నరకి డాక్టరు రౌండుకి వచ్చింది. ఆక్సిజన్ ఎనభై తొమ్మిదికి పడిందని నర్సు చెప్పింది. రెండో ఎక్స్‌రే తెచ్చి దీపానికి పెట్టారు. మచ్చ పైకి పాకింది. డాక్టరు నర్సుతో పెద్ద ఆస్పత్రికి పంపే మాట ఎత్తింది.

"అమ్మా," అంది జయకుమారి.

"చెప్పమ్మా."

"కూర నేను తేలేదు."

డాక్టరు ఎక్స్‌రే కిందికి దించింది.

"నేనేం పెట్టలేదు. రోగంతోనే పోయాయి. పదిహేనుకి పైగా పక్షులు పోయాయి. ఆ జాలీ మేం ఇద్దరం గీకాం. పిల్ల చదువుకునే చోటు పోద్దని అట్టా చెప్పాను."

నర్సు అన్నది, "మరి వీడియోలో—"

"నువ్వుండు," అంది డాక్టరు. ఏ పశువుల డాక్టరు చూశాడని అడిగింది. పేరు చెప్పగానే మంచం పక్కనే నిలబడి ఫోను చేసింది. స్పీకరు వేసింది. ముస్తాక్ రెండో రింగుకే ఎత్తాడు.

పక్షుల నుంచి మనుషులకి పాకే జబ్బేనని చెప్పాడు. రెట్ట ఎండి దుమ్మయితే ఊపిరితో లోపలికి పోతుందని చెప్పాడు. ఇరవై ఆరో తేదీ పొద్దునే ల్యాబు కాగితంతో పాటు ఇవన్నీ శ్రీకృష్ణకి రాసిచ్చానన్నాడు.

"దాన్లో రాశాను మేడమ్, పక్షుల దగ్గర మసిలేవాళ్ళందరూ డాక్టరుకి చూపించుకుని మాత్రలు వేసుకోవాలని. ఇంట్లో ఎంతమంది అని కూడా అడిగాను. నలుగురం అన్నారు. నలుగురం మొదలుపెట్టాం అని ఆ రాత్రే ఫోను చేశారు."

"పనిచేసే ఆవిడ?"

"ఆవిడ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళిపోతుంది, నేను చెప్తాలెండి అన్నారు." అన్నాడు ముస్తాక్. "ఆ పైగదిలో మనుషులుంటారని నాకు తెలీదు మేడమ్. సామాన్ల గది అనుకున్నాను."

డాక్టరు పక్షులకి ఏ మందు ఇస్తున్నారని అడిగింది. ముస్తాక్ చెప్పాడు. డాక్టరు కాగితం మీద అదే పేరు రాసి నర్సుకి ఇచ్చింది. తర్వాత జయకుమారి వైపు తిరిగింది.

"నువ్వు రోజూ గింజల్లో కలిపే పొడి ఇదేనమ్మా."

జయకుమారి కాగితం వైపు చూసింది. "నా చేత్తోనే కలుపుతున్నానండీ. పది రోజుల నుంచి," అంది.

కొత్త మందు ఏడూ పదికి ఎక్కించడం మొదలుపెట్టారు. జయకుమారికి కూడా మాత్రలు ఇచ్చారు. షమీమ్ బయట బెంచీ మీద కూచుని అంతా వింది. లోపలికి వచ్చి మహిమ కాళ్ళ దగ్గర నిలబడి, చేతి సంచిలోంచి నిమ్మకాయలు తీసి కిటికీలో పెట్టింది. 

ముస్తాక్ ఆ వెంటనే శ్రీకృష్ణకి ఫోను చేశాడు.

*

మార్చి తొమ్మిది, ఆదివారం. ఉదయం ఆరున్నరకి జ్వరం నూట రెండు. మహిమ హాల్ టికెట్ తెమ్మంది. డాక్టరు లేవనివ్వదని నర్సు చెప్పింది. కుర్చీలో తీసుకెళ్ళి కూచోబెట్టమంది మహిమ. గొట్టం తీస్తే పది నిమిషాలు కూడా ఆగలేవని నర్సు చెప్పింది. అయినా తెమ్మంది. షమీమ్‌ని దగ్గర కూచోబెట్టి జయకుమారి నాలుగో లైనుకి నడిచింది.

మెట్ల గేటుకి తాళం ఉంది. గేటు పక్కన రెండు గోనెసంచులు, రేకుపెట్టె, చుట్టిన చాప, స్టవ్ ఉన్నాయి. పై నుంచి పక్షుల గోల వినిపిస్తోంది. శ్రీకృష్ణ వరండాలో పేపరు చదువుతున్నాడు. సుబ్బరావమ్మ ఆమెని చూసి లోపలికి వెళ్ళింది.

జయకుమారి మెట్ల దగ్గర నిలబడింది. పిల్లకి ఎలా ఉందని ఆయన అడిగాడు. చెప్పింది. ఆయన తల ఊపాడు.

"నలుగురన్నారంట," అంది జయకుమారి.

ఆయన పేపరు దించలేదు. "మనం ఒక మాట అనుకున్నాం. నువ్వు అక్కడ ఏం చెప్పావో నాకు తెలుసు. అయినా నా మాట నేను తప్పలేదు. పరీక్ష దాకా ఉండమన్నాను. పరీక్ష ఇవాళే గదా." పేజీ తిప్పాడు. "హాల్ టికెట్‌ని రమ్య మీ పెట్టెలో పైనే పెట్టింది. చూసుకో."

పెట్టె తెరిచింది. పైనే ఉంది. మడత పడకుండా మహిమ అట్టలో పెట్టి ఉంచింది. జయకుమారి దాన్ని జాకెట్లో పెట్టుకుని, చాప భుజాన వేసుకుని, రెండు సంచులు చెరో చేతికీ తీసుకుంది. పెట్టె, స్టవ్ కోసం షమీమ్ తమ్ముడు తర్వాత వచ్చాడు.

ఎనిమిదీ ఇరవైకి ఆస్పత్రి చేరింది. మహిమ హాల్ టికెట్ అందుకుని, ఫొటో చూసి, నంబరు చదివి, దిండు కింద పెట్టుకుంది. తొమ్మిదింటికి మళ్ళీ తీసింది. తొమ్మిదీ నలభై అయిదుకి ఆరో లైను స్కూలు గేటు మూశారు.

పదింటికి పరీక్ష మొదలైంది. అప్పుడు జ్వరం నూట ఒకటిన్నర. పదకొండున్నరకి నూట ఒకటి. పరీక్ష పన్నెండున్నరకి అయిపోయింది. మధ్యాహ్నం మూడింటికి నర్సు మళ్ళీ చూసింది. తొంభై తొమ్మిది.